కృష్ణా ఒడ్డు నుంచి పర్వత సరస్సుల దాకా: నడకకు, గుడారానికి, చలికి ఒక సమగ్ర మార్గదర్శి

విజయవాడ, గుంటూరు సముద్ర మట్టానికి ముప్పై మీటర్ల అటూ ఇటూగా ఉన్న ఊళ్ళు. హిమాచల్ ప్రదేశ్‌లోని చంద్రతాల్ దాదాపు 4,250 మీటర్ల ఎత్తున ఉంది. ఈ తేడాను ఎన్ని రోజుల్లో దాటాలన్నదే పర్వత సరస్సు ప్రయాణంలో అసలు లెక్క. బూట్లు, గుడారం, కెమెరా అన్నీ దాని తర్వాతే. మన వాళ్ళ ప్రయాణ ప్రణాళికలు మాత్రం తలకిందులుగా ఉంటాయి. శుక్రవారం గన్నవరంలో విమానం, శనివారం మనాలి, ఆదివారం జీపులో తిన్నగా చంద్రతాల్. నీలం నీళ్ళ పక్కన ఫొటో బాగానే వస్తుంది. ఆ రాత్రి తలపోటు, వాంతులు, తెల్లవారకముందే కిందికి పరుగు కూడా అంతే ఖాయంగా వస్తాయి.

4,250 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండేదానిలో సుమారు 60 శాతమే. ప్రతి ఊపిరికీ అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. దీనికి ఒళ్ళు అలవాటు పడుతుంది, కానీ దానికి రోజులు కావాలి. కాళ్ళను విజయవాడలోనే సిద్ధం చేసుకోవచ్చు, చలిని మన రాష్ట్రంలోనే పరిచయం చేసుకోవచ్చు. ఎత్తుకు మాత్రం ఇక్కడ సాధన లేదు, అక్కడే నెమ్మదిగా సంపాదించుకోవాలి. అందుకే ఇక్కడ నాలుగు అంచెలు చెబుతున్నాను: గుంటూరు దగ్గరి కొండవీడు కోట, లంబసింగి దగ్గరి తాజంగి జలాశయం, 2,500 మీటర్ల చుట్టుపక్కల ఉన్న ఒక హిమాలయ సరస్సు, ఆ తర్వాతే 3,500 దాటినవి. తీరిక లేకపోతే రెండో అంచె వదిలేయండి. మూడోది వదలకండి.

బయలుదేరడానికి మూడు నెలల ముందు

ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళి రక్తపోటు, చక్కెర, హిమోగ్లోబిన్ చూపించుకోండి. రక్తహీనత ఉన్నవాళ్ళకు ఎత్తు మీద కష్టం రెట్టింపవుతుంది. ఆడవాళ్ళు దీన్ని అసలు తేలిగ్గా తీసుకోకూడదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరు సరేననకుండా బయలుదేరవద్దు.

తర్వాత కాళ్ళ సంగతి. పన్నెండు వారాలు చాలు. వారంలో నాలుగు రోజులు నడక, పరుగు, ఒక రోజు మెట్లు. ఐదు కిలోమీటర్లను 35 నిమిషాల్లో ఆయాసపడకుండా పూర్తిచేయగలిగితే మామూలు ట్రెక్కింగుకు ఊపిరి సరిపోయినట్టే. మెట్లకు మనకు కొదవ లేదు. మంగళగిరి పానకాల స్వామి కొండ, గుణదల మేరీమాత కొండ, నరసరావుపేట వైపు వాళ్ళకు కోటప్పకొండ ఉన్నాయి. భక్తుల రద్దీ లేని రోజు చూసుకుని, సూర్యోదయానికి ముందే మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటాక కొండ ఎక్కడం సాధన కిందికి రాదు, వడదెబ్బ కిందికి వస్తుంది.

మొదటి నెల ఖాళీ చేతులతో ఎక్కండి. రెండో నెల నుంచి వీపు సంచిలో నీళ్ళ సీసాలు వేసుకోండి. లీటరు నీళ్ళు కిలో బరువు కాబట్టి తూకం చూడనక్కర్లేదు. నాలుగు లీటర్లతో మొదలుపెట్టి ఎనిమిదికి పెంచండి. మోకాళ్ళు బలహీనంగా ఉన్నవాళ్ళు పైకి వెళ్ళాక నీళ్ళను చెట్ల మొదళ్ళలో పోసేసి తేలికగా దిగవచ్చు. మోకాళ్ళు బాగున్నవాళ్ళు బరువుతోనే దిగాలి. పర్వతాల్లో తొడలు పట్టేసేది ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే ఎక్కువ. ఆ కండరాలకు దిగడమే సాధన.

బూట్లు ఈ మూడు నెలల మొదట్లోనే కొనండి. చీలమండ పైదాకా వచ్చేవి, అడుగున లోతైన గాడులు ఉన్నవి తీసుకోండి. సాయంత్రం పూట, నడిచి పాదాలు కాస్త ఉబ్బాక, మందపాటి మేజోళ్ళు వేసుకుని కొలత చూడండి. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు తన్నుకుంటాయి కాబట్టి బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. కొత్త బూట్లతో కనీసం యాభై కిలోమీటర్లు ఇక్కడే నడవండి. నూలు మేజోళ్ళు వద్దు, చెమట పట్టి బొబ్బలు తెస్తాయి. పాదంలో ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడే ఆగి టేపు వేయాలి. శిబిరానికి వెళ్ళాక చూద్దాం అనుకుంటే అప్పటికి బొబ్బ తేలి ఉంటుంది.

మొదటి అంచె: కొండవీడు

గుంటూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది కొండవీడు. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డి రాజుల రాజధాని. ఘాట్ రోడ్డు ఉన్నా పాత కాలిబాటనే ఎక్కండి. ఇది మన పనికి ఇంత చక్కగా సరిపోవడానికి కారణం పైన ఉన్న చెరువులు: ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. కొండ మడతల్లో దిగే వాననీటిని నిలుపుకుని కోటను బతికించిన చెరువులివి. రాత్రి బస ఆలోచన పెట్టుకోకండి. పగటి నడకకే వెళ్ళి, సాయంత్రానికి దిగిపోండి.

ఇక్కడ నేర్చుకోవలసింది కంటితో చూడటం. చెరువు గట్టున నిలబడి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. వాన పడితే నీళ్ళు ఏ వైపు నుంచి దిగుతాయి? నిండితే అలుగు ఎక్కడ పారుతుంది? గాలి ఏ సందులోంచి వస్తోంది? పై నుంచి రాయి దొర్లితే ఎక్కడ ఆగుతుంది? ఈ నాలుగూ తప్పించుకున్న చోటే గుడారానికి చోటు. హిమాలయాల్లో సరస్సు ఎంత పెద్దదైనా వేసుకోవలసిన ప్రశ్నలు ఇవే. ఇక్కడ ఒక పూట కూర్చుని వాదించుకుంటే అక్కడ చీకటి పడుతున్నప్పుడు తగువు ఉండదు.

నడక వేగం కూడా ఇక్కడే కుదుర్చుకోండి. పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఎక్కాలి. ముందు పరుగెత్తి, తర్వాత కూలబడి, మళ్ళీ పరుగెత్తే పద్ధతి కుర్రవాళ్ళకు సరదాగానే ఉంటుంది. ఎత్తు మీద మొదట పడిపోయేది వాళ్ళే. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టండి, అందరూ ఆ వేగంతోనే నడవండి.

సామాను: కొనేది, అద్దెకు తెచ్చుకునేది

బూట్లు, మేజోళ్ళు, లోపలి దుస్తులు, తలకు కట్టుకునే హెడ్‌ల్యాంపు సొంతవి ఉండాలి. గుడారం, లోపల దూరి పడుకునే స్లీపింగ్ బ్యాగు, బరువైన చలికోటు మొదటిసారికి రిషికేశ్, మనాలి లాంటి చోట్ల అద్దెకు దొరుకుతాయి. విజయవాడలో ఏడాదికి పదకొండు నెలలు అల్మారాలో పడి ఉండే కోటు మీద వేలు పోయకండి.

దుస్తులు మూడు పొరలు. ఒంటికి ఆనుకుని చెమటను పీల్చి ఆరబెట్టే పాలిస్టర్ లేదా ఉన్ని బనియను, దాని మీద ఫ్లీసు అనే మెత్తని నూగు చొక్కా, పైన గాలినీ వాననూ ఆపే జాకెట్టు. శిబిరంలో కూర్చున్నప్పుడు వేసుకోవడానికి ఈకల కోటు ఒకటి. జీన్సు, నూలు చొక్కాలు ఇంట్లోనే ఉంచండి. తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది, ఒక పట్టాన ఆరదు. మంకీ క్యాపు పట్టుకెళ్ళడానికి మొహమాటపడకండి. చెవులనూ మెడనూ కలిపి కప్పే టోపీ అంతకంటే మంచిది ఇంకా రాలేదు.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత ఒకటి, ప్రాణం నిలిచే ఉష్ణోగ్రత ఒకటి. దుకాణదారు రెండోది చూపించి అమ్ముతాడు, మీరు మొదటిది చూసి తీసుకోండి. ఎండలకు అలవాటైన ఒళ్ళు మనది, కాబట్టి అక్కడ ఉంటుందనుకున్న చలికంటే ఐదు డిగ్రీలు తక్కువకు పనికొచ్చేది ఎంచుకోండి. బ్యాగు ఎంత మంచిదైనా కింద పరుపు లేకపోతే వృథా. ఒంటి బరువుకు అడుగు భాగం నలిగి గాలి పోతుంది, నేల వేడిని పీల్చేస్తుంది. మందపాటి ఫోమ్ చాప తప్పనిసరి.

గుడారాన్ని ముందుగా డాబా మీద వేసి చూడండి. రెండు పొరలు ఉండాలి, మధ్యలో చెయ్యి పట్టేంత ఖాళీ ఉండాలి. బయటి పొర మీద రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించి, లోపల పడుకుని కుట్ల వెంబడి వేలు పోనివ్వండి. తడి తగిలిన చోట జిగురు వేయాలి. తర్వాత హెడ్‌ల్యాంపు వెలుతురులో, చేతి తొడుగులతో మళ్ళీ వేయండి. ఇరుగుపొరుగు నవ్వితే నవ్వనివ్వండి.

సంచి మొత్తం బరువు మీ బరువులో ఐదో వంతు దాటకూడదు. అడుగున స్లీపింగ్ బ్యాగు, వీపుకు ఆనుకుని బరువైనవి, పైన వాన జాకెట్టు. సంచికి పైనుంచి వేసే తొడుగును నమ్ముకోకుండా, లోపల మందపాటి పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి అందులో సర్దండి. గుడారం తడిసినా రాత్రి గడుస్తుంది, స్లీపింగ్ బ్యాగు తడిస్తే గడవదు.

తిండి

ఇక్కడ మన వాళ్ళు తప్పకుండా దెబ్బతినే విషయం అన్నం. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, ప్రతి 300 మీటర్లకూ దాదాపు ఒక డిగ్రీ చొప్పున. 3,600 మీటర్ల దగ్గర 88 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో బియ్యం పలుకుగానే ఉండిపోతుంది, కందిపప్పు సంగతి అడగనే వద్దు, గ్యాసు మాత్రం ఖర్చవుతుంది. అక్కడ వంటవాళ్ళు కుక్కర్లు మోసుకెళ్ళేది అందుకే. సొంతంగా వండుకునేవాళ్ళు అన్నాన్ని మరచిపోయి అటుకులకూ రవ్వకూ మారాలి.

పొడి ఉప్మా ఇంట్లోనే చేసి పట్టుకెళ్ళవచ్చు. బొంబాయి రవ్వను చెంచాడు నేతిలో సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించండి. వేరే మూకుడులో తక్కువ నూనెతో ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, జీడిపప్పు, కరివేపాకు పోపు పెట్టండి. కరివేపాకు గలగలలాడేదాకా వేగాలి, తడి మిగిలితే రెండో రోజుకే ముక్క వాసన వస్తుంది. రెండూ కలిపి, ఉప్పు వేసి, పూర్తిగా చల్లారాక ఒక్కొక్కరికి సరిపోయేలా జిప్ సంచుల్లో కట్టండి. అక్కడ గిన్నెలో నీళ్ళు మరిగించి, రవ్వ పోసి, ఒక్క నిమిషం కలిపి, మూతపెట్టి, గిన్నెను టోపీలోనో ఫ్లీసులోనో చుట్టి పది నిమిషాలు ఉంచితే గ్యాసు లేకుండానే మగ్గుతుంది.

కందిపొడి, నువ్వుల ఉండలు, వేరుశనగ చిక్కీ, ఖర్జూరాలు బరువుకు తగిన బలం ఇస్తాయి. గోంగూర పచ్చడి కావాలనుకుంటే రెండు సంచుల్లో కట్టి డబ్బాలో పెట్టండి, నూనె కారితే స్లీపింగ్ బ్యాగుకు ఆ వాసన జన్మలో వదలదు. గుంటూరు కారం ధాటిని కాస్త తగ్గించుకోండి. మీరు తట్టుకోలేరని కాదు గానీ, గడ్డకట్టే చలిలో అర్ధరాత్రి కడుపు మండితే గుడారం విప్పుకుని బయటికి పరుగెత్తాలి. ఎత్తు మీద ఆకలి చచ్చిపోతుంది, అయినా తినాలి. రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్ళు తాగాలి. బెల్లం, మిరియాలు, చిటికెడు ఉప్పు కలిపిన పానకం ఒక సీసా సిద్ధంగా ఉంటే నీళ్ళు తాగబుద్ధి కానప్పుడు పనికొస్తుంది.

సరస్సు నీళ్ళు ఎంత తేటగా కనిపించినా మరిగించే తాగండి. పైన గొర్రెల మందలు మేస్తుంటాయి. 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు కుతకుత మరగనివ్వాలి.

పొయ్యి గ్యాసు సీసాలను రైల్లో గానీ విమానంలో గానీ తీసుకెళ్ళనివ్వరు. రిషికేశ్‌లోనో మనాలిలోనో కొనండి. వట్టి బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది కాబట్టి, ప్రొపేన్ కలిసిన సీసా అడిగి తీసుకోండి. చలికి ఓర్వలేక మూసిన గుడారంలో పొయ్యి గానీ బొగ్గుల కుంపటి గానీ వెలిగించవద్దు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

రెండో అంచె: తాజంగిలో ఒక చలి రాత్రి

అల్లూరి సీతారామరాజు జిల్లాలో, లంబసింగికి కొద్ది కిలోమీటర్ల దూరంలో తాజంగి జలాశయం ఉంది. ఎత్తు వెయ్యి మీటర్ల చుట్టుపక్కలే అయినా డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఐదు డిగ్రీల లోపుకు దిగడం మామూలే. విజయవాడలో రాత్రి రైలెక్కి తుని లేదా అనకాపల్లిలో దిగి, నర్సీపట్నం మీదుగా బస్సులో వెళ్ళవచ్చు. శని, ఆదివారాలు వద్దు. మంచు చూడటానికి వచ్చే కార్ల వరసలో మీ చలి సాధన సాగదు. అక్కడ నిర్వాహకుల స్థలాల్లోనే గుడారం వేసుకోండి.

ఈ రాత్రికి పని ఒక్కటే: మీ సామానులో ఏది అబద్ధమో కనిపెట్టడం. అడుగు నుంచి చలి వస్తోందా, భుజాల దగ్గర గాలి దూరుతోందా, పాదాలు వెచ్చబడటానికి ఎంతసేపు పట్టింది అనేవి ఉదయం లేవగానే రాసుకోండి. గుడారం లోపలి గోడ తడిగా ఉంటే అది కారడం కాదు, మీ ఊపిరే. కిటికీలు రెండూ కాస్త తెరిచి పడుకుంటే తగ్గుతుంది.

మూడో అంచె: 2,500 మీటర్ల చుట్టుపక్కల

ఉత్తరాఖండ్‌లోని దేవరియాతాల్, హిమాచల్‌లోని పరాశర సరస్సు ఈ అంచెకు తగినవి.

దేవరియాతాల్ ఎత్తు సుమారు 2,440 మీటర్లు. విజయవాడ నుంచి తమిళనాడు ఎక్స్‌ప్రెస్, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్, కేరళ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీకి ఉన్నాయి. అక్కడి నుంచి హరిద్వార్ లేదా రిషికేశ్, రుద్రప్రయాగ, ఊఖీమఠ్ మీదుగా సారీ గ్రామం. రిషికేశ్ నుంచి సారీకి ఒక పగలంతా ప్రయాణం. సారీ నుంచి సుమారు మూడు కిలోమీటర్ల ఎక్కుడు. గాలి లేని ఉదయం చౌఖంబా శిఖరాలు నీళ్ళలో కనిపిస్తాయి. యక్ష ప్రశ్నల ఘట్టం ఈ సరస్సు దగ్గరే జరిగిందని స్థానికులు చెబుతారు. కిందికి దిగిపోకుండా అడవి దారిన చోప్తాకు నడిచి, 3,680 మీటర్ల ఎత్తున ఉన్న తుంగనాథ్ గుడికి ఎక్కి, అదే రోజు చోప్తాకు దిగి పడుకుంటే ఎత్తు మీద మొదటి పాఠం పూర్తవుతుంది: పగలు పైకి ఎక్కాలి, రాత్రి కింద పడుకోవాలి.

పరాశర సరస్సు మండీ జిల్లాలో 2,730 మీటర్ల ఎత్తున ఉంది. నీటి మీద తేలే చిన్న గడ్డి దీవి, గట్టున అంతస్తుల పైకప్పుల కొయ్య గుడి ఉన్నాయి. రోడ్డు పడింది గానీ బాగ్గీ గ్రామం నుంచి అడవిలో ఏడెనిమిది కిలోమీటర్లు నడవడమే బాగుంటుంది. నాకు రెండింటిలో దేవరియాతాల్ మీదే మొగ్గు, తర్వాత నడవడానికి దారి మిగిలి ఉంటుంది కాబట్టి.

ఎక్కడైనా గుడారం వేసే ముందు అటవీ శాఖ అనుమతి, ఆ ఏటి నిబంధనలు కనుక్కోండి. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు ఎత్తయిన పచ్చిక మైదానాల్లో, అంటే అక్కడి వాళ్ళు బుగ్యాల్ అనేచోట, రాత్రి బసను నిషేధించింది. 2005లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో, చేరిన చంద్రతాల్ ఒడ్డున కూడా గుడారాలు నిషిద్ధం, శిబిరాలు దూరంగా ఉంటాయి.

కాలం గురించి ఒక మాట. మన వేసవి సెలవుల్లో, మే, జూన్‌లలో వెళ్ళవచ్చు. తేటైన ఆకాశం కావాలంటే సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు. జూలై, ఆగస్టుల్లో ఉత్తరాఖండ్ వైపు కొండచరియలు విరిగిపడతాయి, పోవద్దు. కాశ్మీరు సరస్సులకు మాత్రం జూలై నుంచి సెప్టెంబరు దాకానే కాలం, అక్కడ రుతుపవనాల తాకిడి తక్కువ.

సరస్సు దగ్గర గుడారం ఎక్కడ వేయాలి

నీళ్ళ అంచునే గుడారం వేసి, పొద్దున్నే తెర తీయగానే సరస్సు కనిపించాలని అందరికీ కోరిక. ఆ కోరిక మానుకోండి. చల్లగాలి బరువైనది, రాత్రి వాలుల వెంబడి జారి సరస్సు గుంటలో పేరుకుంటుంది. అందులోనే తేమ ఉంటుంది కాబట్టి గుడారం తడిసిపోతుంది. ఒడ్డు నుంచి కనీసం 60 మీటర్ల దూరంలో, పది పదిహేను మీటర్ల పైన ఉన్న గట్టు మీదకు వెళితే తేడా అక్కడే తెలుస్తుంది. నీళ్ళు తాగడానికి వచ్చే జంతువులకు దారి వదిలినట్టు కూడా అవుతుంది.

ఎండిన వాగు గాడిలో వేయవద్దు. పై వాలులో వదులు రాళ్ళు ఉంటే దాని కింద వద్దు. కొత్తగా విరిగిన, పదునైన అంచుల రాళ్ళు చుట్టూ పడి ఉంటే అవి నిన్నో మొన్నో దొర్లినవని అర్థం. గుడారం సన్నని వైపు గాలికి ఎదురుగా, తలుపు గాలికి వెనక ఉండాలి. తల ఎత్తు వైపు పెట్టుకోండి.

మేకులు నేలలో దిగకపోతే తాడు చివర గుండ్రటి రాయికి చుట్టి, దాని మీద ఇంకో పెద్ద రాయి ఎక్కించండి. లాగితే పై రాయి బరువు తాడును నొక్కి పడుతుంది. పదునైన రాయికి కట్టితే గాలికి ఊగి తాడు అరుగుతుంది. పడుకునే ముందు ఒకసారి తాళ్ళన్నీ మళ్ళీ బిగించండి, తడికి గుడారం బట్ట సాగుతుంది.

సరస్సులో ఏదీ కడగకూడదు, ఒళ్ళు, గిన్నెలు, బట్టలు, ఏవీ. కుంకుడు పొడి అయినా సరే. గిన్నెతో నీళ్ళు తెచ్చుకుని దూరంగా కడుక్కోండి. మలవిసర్జనకు నీటికి 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గుంట తవ్వి పూడ్చాలి. తడి తుడుపు కాగితాలు, శానిటరీ ప్యాడ్లు, బిస్కెట్ల కవర్లు అన్నీ మూతి కట్టిన సంచిలో వెనక్కు తేవాలి. చలిమంటలు వద్దు, పుల్లల కోసం ఆ ఎత్తు మీద నరికిన పొద మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది.

ఈత గురించి. కృష్ణలో మునిగి తేలినవాళ్ళం, ఇదెంత అనుకునేవాళ్ళు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. మంచు కరిగిన నీళ్ళలో దూకిన మొదటి నిమిషంలోనే ఊపిరి మన అదుపులో ఉండదు, తెలియకుండానే ఎగబీలుస్తాం, నీళ్ళు లోపలికి పోతాయి. ఎంత ఈతగాడికైనా చేతులు కొద్ది నిమిషాల్లో మొద్దుబారతాయి. ఒడ్డున కూర్చుని పాదాలు తడుపుకోండి, చాలు. గడ్డకట్టిన సరస్సు మీద అడుగు పెట్టడం అసలే వద్దు.

రాత్రి

పడుకునే ముందు వేడి వేడిగా ఏదైనా తిని, పొడి బట్టలు మార్చుకోండి. వేడినీళ్ళు పోసిన సీసాను మేజోడులో దూర్చి స్లీపింగ్ బ్యాగు అడుగున పెట్టుకుంటే పాదాలకు సుఖం, ఉదయానికి గడ్డకట్టని తాగునీరూ సిద్ధం. ఫోను, బ్యాటరీలు కూడా లోపలే పెట్టుకోండి, చలికి వాటి సత్తువ పడిపోతుంది. తల లోపల పెట్టి ఊపిరి వదలకండి, తేమ చేరి బ్యాగులోని ఈకలు ముద్దవుతాయి. రమ్ము తాగితే వెచ్చగా ఉంటుందనేది పాత భ్రమ. చర్మానికి రక్తం ఎక్కువ పారి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. పైగా ఎత్తు జబ్బు లక్షణాలనూ మరుగుపరుస్తుంది.

ఎత్తు జబ్బు

ఇది సాధారణంగా 2,500 మీటర్ల పైన మొదలవుతుంది. యువకులు, వ్యాయామం చేసేవాళ్ళు తప్పించుకుంటారనే హామీ లేదు. 3,000 దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఎత్తులో రెండో రాత్రి గడపాలి. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు. అక్కడి నుంచి ఒక్క రోజులో చంద్రతాల్‌కు పోవడం ఈ నియమానికి ఎంత దూరమో చూడండి.

తలనొప్పితో పాటు వికారం, నిస్సత్తువ, తల తిరగడం ఇవేవైనా ఉంటే ఎత్తు జబ్బేనని అనుకోండి, వేరే కారణం తేలేదాకా. ఆ రోజు ఇక పైకి ఎక్కకూడదు. తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం, దగ్గు, నురగతో గులాబీ రంగు కళ్ళె వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. మాట తడబడుతూ, మనిషి అయోమయంగా ఉంటే మెదడు వాస్తున్నట్టు. ఒక పాదం మడమను రెండో పాదం వేళ్ళకు ఆనిస్తూ తిన్నని గీత మీద పది అడుగులు వేయమనండి. తూలితే అర్ధరాత్రయినా, వాన పడుతున్నా వెంటనే కిందికి తీసుకుపోవాలి, ఒంటరిగా పంపకూడదు. పొద్దున దాకా చూద్దాం అన్నమాట ఇక్కడ పనికిరాదు.

ఎసిటాజోలమైడ్ అనే మాత్ర ఒంటిని ఎత్తుకు త్వరగా అలవాటు చేస్తుంది. డాక్టరును అడిగే వాడాలి. సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే చెప్పాలి. మాత్ర వేసుకున్నాం కదా అని రోజులు తగ్గించుకోవడానికి లేదు. నిద్రమాత్రలు వద్దు.

నాలుగో అంచె: పెద్ద సరస్సులు

మూడో అంచెలో తలనొప్పి లేకుండా గడిచినవాళ్ళు కాశ్మీరు సరస్సుల దారికి వెళ్ళవచ్చు. సోనమార్గ్ దగ్గర మొదలై విషన్‌సర్, కృషన్‌సర్, గడ్‌సర్, సత్‌సర్, గంగాబల్ మీదుగా నారానాగ్‌లో ముగుస్తుంది. దాదాపు వారం పడుతుంది, గడ్‌సర్ కనుమ 4,200 మీటర్ల దగ్గర దాటాలి. అసలు గుర్తింపు కార్డు తప్పనిసరి, సైనిక తనిఖీలు ఉంటాయి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీరులో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అమెరికా నుంచి బావగారు తెచ్చిచ్చిన ఉపగ్రహ ఫోను వెంట తీసుకెళ్ళకండి. అనుమతి లేకుండా అది మన దేశంలో నేరం.

ఈ ఎత్తున రోజు తెల్లవారుజామునే మొదలవ్వాలి. మంచునీటి వాగులు ఉదయం సన్నగా ఉంటాయి, ఎండెక్కేకొద్దీ ఉప్పొంగుతాయి. దాటేటప్పుడు సంచి నడుం పట్టీ విప్పేయండి, పడితే సంచిని వదిలేయగలగాలి. బూట్లు తీసి చెప్పులతో, ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి కర్ర ఊతంతో పక్కకు జరుగుతూ దాటండి. మధ్యాహ్నానికల్లా మబ్బులు ముసిరి ఉరుములు మొదలవుతాయి కాబట్టి కనుమలూ శిఖరాలూ ఆలోపే దాటి దిగాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్ల కంటే తక్కువ ఉంటే గట్టు మీద నిలబడకుండా దిగిపోండి. నీటి ఒడ్డుకు, ఒంటరి చెట్టుకు దూరంగా ఉండండి. ఎండ సంగతి మనకు కొత్తేమిటి అనుకోవద్దు. అతినీలలోహిత కిరణాలు ప్రతి వెయ్యి మీటర్లకూ దాదాపు పది శాతం పెరుగుతాయి, మంచు వాటిని కళ్ళలోకి తిప్పికొడుతుంది. నల్ల కళ్ళద్దాలు లేకుండా మంచు మీద ఒక పూట నడిస్తే రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది.

ఇంటికి వచ్చాక

గుడారాన్ని ఎక్కడ ఎంత ఆరబెట్టినా ఇంటికి వచ్చాక డాబా మీద నీడలో మళ్ళీ విప్పి ఆరబెట్టండి. మన ఉక్కపోతకు మడతల్లో బూజు పట్టడానికి రెండు రోజులు చాలు. మండుటెండలో మాత్రం వదలవద్దు, బట్ట పెళుసవుతుంది. స్లీపింగ్ బ్యాగును కుదించిన సంచిలో ఉంచకుండా, వదులుగా పెద్ద గుడ్డసంచిలో వేసి అల్మారా పైన పెట్టండి.

చాలా ట్రెక్కింగు బూట్ల అడుగుల్లో మధ్య పొరలు పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. వేడికీ తేమకూ అవి వాడకపోయినా లోలోపలే చివికిపోతాయి, ఒకరోజు నడకలో ఉన్నట్టుండి ఊడివస్తాయి. అటకెక్కించకుండా నెలకు రెండు మూడు సార్లు వేసుకుని నడవండి. తర్వాతి ప్రయాణానికి నెల ముందు అడుగు భాగాన్ని రెండు చేతులతో గట్టిగా వంచి చూడండి. పగుళ్ళు కనిపించినా, జిగురు దగ్గర గోరు దూరినా, కొత్త అడుగు వేయించడానికి గానీ కొత్త జత కొని నడిచి అలవాటు చేసుకోవడానికి గానీ ఆ నెల రోజులు సరిపోతాయి.